గోష్ఠిలో మొదటిసారి

ప్రశ్న: నా వయసు 48. బడిలో టీచర్ని. చిన్నప్పుడు వర్ణాల దాకా, ఆ తర్వాత ఓ పాతిక కృతుల దాకా నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక సంగీతం అటకెక్కింది. ఇప్పుడు పిల్లలు ఊళ్ళు పట్టిపోయారు. మా ఊళ్ళో త్యాగరాజ ఆరాధనకు పంచరత్నాల గోష్ఠి సాధన మొదలైందంటే ధైర్యం చేసి వెళ్ళాను. అందరూ పుస్తకం చూడకుండా పాడుతున్నారు. నా గొంతు ఎండిపోయింది. గంటన్నర సేపు నోరు కదిపానే గాని శబ్దం రాలేదు. ఒకరిద్దరు వెనక్కి తిరిగి కూడా చూశారు. మానేయమంటారా?
- పేరు వద్దు, రాజమహేంద్రవరం

జవాబు: మానొద్దమ్మా. నోరు మాత్రమే కదిపేవాళ్ళు లేని గోష్ఠి ఎక్కడా ఉండదు. మొదటిరోజు అది తప్పు కాదు, మర్యాద కూడానూ. రెండో నెలలోనూ అలాగే ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

ముందు మీ భయం దేని గురించో విడదీసి చూడండి. ‘తప్పు పాడితే అందరికీ వినిపిస్తుంది’ అనేగా? ముప్ఫై మంది పాడుతున్నప్పుడు ఒక గమకం సరిగ్గా పలక్కపోయినా, ఒక సంగతి సగంలో జారిపోయినా పక్కావిడకు కూడా తెలియదు. వినిపించే తప్పులు రెండే. అందరూ ఆగిన చోట మీరు ఎత్తుకోవడం, అందరూ ఆపేశాక మీ గొంతు ఒక్కటే మిగలడం. కాబట్టి మొదటి నెల ఒకే నియమం పెట్టుకోండి: ముందు ఎత్తుకోకూడదు, చివర ఆపకూడదు. మొదటి అక్షరం పక్కవాళ్ళకి వదిలేసి రెండో అక్షరం దగ్గర కలవండి. పల్లవి ఎత్తుగడ సమంలో ఉందో అనాగతంలో ఉందో ఇంటి దగ్గరే తాళం వేసి చూసుకోండి. అయిదు కృతులకూ ఆది తాళమే కనుక చెయ్యి అలవాటుపడటానికి ఎన్నో రోజులు పట్టదు. తాళం మాత్రం తొడమీద చిన్నగా, శబ్దం లేకుండా వేసుకోండి. గట్టిగా వేసేవాళ్ళు ఎలాగూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళతోనే మృదంగం ఆయనకు సరిపోతుంది.

గొంతు రాకపోవడానికి భయమొక్కటే కారణం కాకపోవచ్చు. అక్కడ ఏ శ్రుతిలో పాడుతున్నారో కనుక్కున్నారా? ఆడవాళ్ళు మామూలుగా అయిదు, అయిదున్నర శ్రుతిలో నేర్చుకుంటారు. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నరలో. ఇద్దరూ కలిసిన గోష్ఠిలో ఎక్కడ శ్రుతి పెట్టినా ఎవరో ఒకరికి ఇబ్బంది తప్పదు. ఇరవై ఏళ్ళు వాడని గొంతుకు ఆ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఫోనులో తంబురా యాప్‌ను వాళ్ళ శ్రుతికే పెట్టుకుని రోజూ పావుగంట సరళీ స్వరాలు, జంట స్వరాలు పాడండి. కృతులు తర్వాత. తారస్థాయిలో అందని చోట అరవొద్దు, ఆ నాలుగు స్వరాలు ఊరుకుని కిందికి దిగగానే కలుసుకోండి. గోష్ఠిలో ఉన్న సుఖమే అది. కచేరీలో ఒంటరిగా కూర్చున్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

ఇక పాఠాంతరం. తిరిగి వచ్చినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అయినా దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మీ గురువుగారు చెప్పిన సంగతులు వేరు, ఇక్కడ పాడే సంగతులు వేరు అయి ఉంటాయి. నాలుగు సంగతులు నేర్చుకున్న చోట వాళ్ళు రెండే పాడి ముందుకు పోతారు. మీరు మూడోదానికి నోరు తెరిచేసరికి వాళ్ళు అనుపల్లవిలో ఉంటారు. అప్పుడు ‘నాకేమీ రాదు’ అనిపిస్తుంది. వచ్చు, మీకు వచ్చింది వేరే పాఠం, అంతే. నడిపించేవారి అనుమతి అడిగి సాధన మొత్తం రికార్డు చేసుకోండి, ఇంటికెళ్ళి సాహిత్యం పక్కన ఎక్కడ ఎన్ని సంగతులో పెన్సిలుతో రాసుకోండి. మీ గురువుగారి పాఠం మీద గౌరవం ఉంటే దాన్ని ఇంట్లో పాడుకోండి. గోష్ఠిలో అందరికీ ఎదురు దాన్నే పట్టుకు కూర్చోవడం గురుభక్తి కాదు, మొండితనం.

పుస్తకం చూడటానికి సిగ్గెందుకు? తిరువయ్యారులోనే ఆరాధన రోజున, పుష్య బహుళ పంచమి నాడు, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పాడేవాళ్ళు బోలెడంతమంది. పైగా మీకున్న సౌకర్యం వాళ్ళలో చాలామందికి లేదు. నాటరాగంలోని ‘జగదానందకారక’ సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగే. తమిళులు, కన్నడిగులు తమ లిపిలో రాసుకుని అక్షరం అక్షరం కంఠస్థం చేసే మాటలు మీకు అర్థంతో సహా తెలుసు. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య తడబడకుండా ఉండాలంటే స్వరాన్ని కాక అర్థాన్ని పట్టుకుని గుర్తుపెట్టుకోండి.

అయిదూ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు. ఆరభిలోని ‘సాధించెనే’తో మొదలుపెట్టమని నా సలహా. అందులో ప్రతి చరణం తర్వాతా ఒకే పంక్తికి తిరిగి వస్తారు. మధ్యలో దారి తప్పినా అక్కడ కాచుకుని కూర్చుంటే మళ్ళీ కలవొచ్చు. తర్వాత శ్రీరాగం. వరాళి ఆఖరున పెట్టుకోండి. ఆ రాగాన్ని గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదన్న నమ్మకం ఒకటుంది, అందువల్ల ‘కనకనరుచిరా’ చాలామందికి అరకొరగానే వచ్చు. అక్కడికి వచ్చేసరికి ఎంతమంది గొంతులు సన్నబడతాయో గమనించండి, మీకే నవ్వొస్తుంది. చరణాలు ముందు స్వరం, వెంటనే సాహిత్యం పాడతారు కదా, స్వరం రాకపోతే మౌనంగా విని సాహిత్యంలో చేరండి.

వెనక్కి తిరిగి చూశారన్నారు. చూసేవాళ్ళు సగం మంది తమ శ్రుతి ఎక్కడ పోయిందా అని చూస్తుంటారు. మిగతా సగాన్ని పట్టించుకోవద్దు. వచ్చేసారి పది నిమిషాలు ముందే వెళ్ళి, గట్టిగా నిలకడగా పాడే ఒకావిడ పక్కన చోటు అడగండి. ‘చాలా ఏళ్ళ తర్వాత వచ్చానండీ, మీ పక్కన కూర్చుంటాను’ అంటే చాలు. మైకు ముందు వరసా వద్దు, వరస చివరా వద్దు. చివర కూర్చుంటే ఒకవైపు నుంచే పాట వినిపిస్తుంది. గోరువెచ్చని నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి. గుండె దడదడలాడితే ఊపిరి పీల్చడం కన్నా వదలడం నెమ్మదిగా చెయ్యండి, నాలుగైదు సార్లకే గొంతు కాస్త వదులవుతుంది.

ఇంకో మాట. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మండపం 1920లలో కట్టించింది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. అక్కడి ఆరాధనలో అప్పట్లో ఆడవాళ్ళను పాడనివ్వలేదు. ఆవిడ స్త్రీలను కూడగట్టి వేరుగా పాడించారు. 1940ల మొదట్లో గాని అందరూ కలవలేదు. అలా దక్కిన చోటు అది. గొంతు ఎండిందని వదులుకుంటారా?

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఏడేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. మొదటిసారి ఒక కూచిపూడి బృందంలో వాయించమని పిలిచారు. రిహార్సల్లోనే కుడిచెయ్యి వణికి కమాను తీగ మీద గెంతుతోంది. మా సీనియర్ ఒక మాత్ర ఇచ్చి, వేసుకుంటే వణకదన్నాడు. వేసుకోవచ్చా?
- హనుమకొండ

జవాబు: వద్దు బాబూ. నీకిచ్చింది బహుశా ప్రొప్రనలాల్ అయి ఉంటుంది. అది గుండె వేగాన్ని, రక్తపోటును తగ్గించే మందు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం కూడా. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల వాళ్ళు కొందరు వాడతారన్న మాట నిజమే, కాని అది రాసివ్వాల్సింది డాక్టరు. నీకు ఇచ్చింది సీనియరు. వణుకు మరీ ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గరికే వెళ్ళు.

కమాను గెంతేది ఎక్కువగా నెమ్మదిగా, తేలిగ్గా లాగే పొడుగు స్వరాల దగ్గరే కదా? భయంలో చెయ్యి తేలిపోయి, కమాను బరువు తీగమీద పడదు. కొన్నాళ్ళు కమాను కొస వైపు కాకుండా చేతి వైపు సగంలోనే వాయించు, ఇంకొంచెం వేగంగా లాగు. భుజం కాదు, మోచెయ్యి బరువు దింపు. బొటనవేలు బిగిస్తున్నావేమో చూసుకో, దాన్ని వదిలితే సగం వణుకు పోతుంది.

నాట్యానికి వాయించడం కచేరీ కాదని కూడా తెలుసుకో. అక్కడ నీ కళ్ళు నట్టువాంగం మీద ఉండాలి. అభినయంలో ఒకే పంక్తి ఆరుసార్లు తిప్పుతారో పదిసార్లు తిప్పుతారో ముందే ఎవరూ చెప్పలేరు. గాయకురాలి వెనకే వెళ్ళు, ముందుకు దూకకు. జతులు చెప్పేటప్పుడు నీకు పెద్దగా పని లేదు, చెయ్యి దించి విశ్రాంతి తీసుకో. తరంగంలో పళ్ళెం మీద అడుగులు మొదలయ్యాక లయంతా మృదంగానిదీ కాళ్ళదీ, నువ్వు షడ్జమం పట్టుకుని ఉంటే చాలు. రిహార్సళ్ళు ఎన్ని ఉంటే అన్నిటికీ వెళ్ళు. నీ వంతు లేని రోజున కూడా వెళ్ళి చూడు.

ప్రశ్న: మా చర్చి క్వైర్‌లో కొత్తగా చేరాను, ఆల్టో ఇచ్చారు. క్రిస్మస్ కేరల్స్‌కి పక్కన సొప్రానో వాళ్ళు పాడటం మొదలెట్టగానే నాకు తెలియకుండానే వాళ్ళ ట్యూన్‌లోకి వెళ్ళిపోతున్నాను. ఎవరైనా వింటే ఎంత అవమానం!
- నరసాపురం

జవాబు: ఇది భయం వల్ల వచ్చిన తప్పు కాదమ్మా, అలవాటు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతూ పెరిగినవారు అందరితో కలిసి ఒకే వరసలో పాడటానికి అలవాటుపడ్డారు. పై వరస మీ చెవిలో నాటుకుపోయి ఉంది. మీ ఆల్టో వరసను కీబోర్డు మీద విడిగా వాయించి రికార్డు చేసుకుని, అదే అసలు పాట అన్నట్టు రోజూ పాడండి. అది నోటికి వచ్చాక సొప్రానో రికార్డింగ్ సన్నగా పెట్టి దానికి ఎదురు మీది పాడండి, రోజురోజుకీ కొంచెం శబ్దం పెంచుతూ.

క్వైర్‌లో ఇద్దరు పాత ఆల్టోల మధ్య నిలబడండి, సొప్రానోల సరిహద్దున వద్దు. వాళ్ళను మించి వినిపించాలని గొంతు పెంచకండి, మీ పక్కావిడ వినిపించేంత మెల్లగానే పాడండి. ప్రతి పాటకూ ముందు మీ మొదటి స్వరం కండక్టరు దగ్గర అడిగి తీసుకోండి. కొత్తవాళ్ళు దీన్ని నామోషీ అనుకుంటారు, పాతవాళ్ళు మాత్రం ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు.