సెల్‌ఫోన్ ఇంటర్నెట్ దిండికి ముందు, మన కొండలకు వెనుక ఎందుకు వచ్చింది?



సెల్‌ఫోన్ అనగానే అంతా గాలిలోనే నడుస్తుందని మనం అనుకుంటాం. తీగ లేదు, స్తంభం లేదు, జేబులో వేసుకుంటే చాలు. నిజానికి గాలిలో నడిచేది ఫోనుకూ టవరుకూ మధ్య ఉన్న కొద్ది దూరమే. ఆ తరువాత మాటైనా, ఫోటో అయినా, సినిమా అయినా ఎక్కువ భాగం తీగల్లోనే పోతుంది. భూమిలో పాతిన తీగ, కరెంటు స్తంభాల మీద కట్టిన తీగ, దేశం దాటితే సముద్రం అడుగున వేసిన తీగ. వాటిని ఆప్టికల్ ఫైబరు అంటారు. వెంట్రుక అంత సన్నని గాజు పోగులో వెలుతురు రూపంలో సమాచారం పరుగెడుతుంది. కాబట్టి ఒక ఊరికి ఇంటర్నెట్ వచ్చిందా అంటే ముందు అడగవలసింది టవరు ఉందా అని మాత్రమే కాదు, ఆ టవరు కింద తీగ ఉందా, కరెంటు ఉందా అని కూడా.

విహారయాత్రకు దిండి వెళ్ళి వచ్చినవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. దిండి కోనసీమలో మలికిపురం మండలంలో, వశిష్ఠ గోదావరి గట్టున ఉన్నది. వంతెన దాటితే అవతల చించినాడ, అది పశ్చిమ గోదావరి జిల్లా. పడవ ఇళ్ళు, కొబ్బరి తోటలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడ నేల చాప పరచినట్టు ఉంటుంది. టవరు ఎక్కి చూస్తే కంటికి అడ్డం వచ్చేవి కొబ్బరి మట్టలే, నది మీద అయితే అవీ ఉండవు. పక్కనే జాతీయ రహదారి, రోడ్డు వెంట తీగ వేయడం సులువు. ఇక ఊరి పక్కన ఊరు, ఇంటి పక్కన ఇల్లు. ఒక్క టవరు నిలబెడితే వేల మంది దాని కిందికి వస్తారు. కంపెనీ వాడికి లెక్క కుదిరింది.

మన దగ్గర? ఒక కొండ వెనుక ఇరవై ఇళ్ళు, వాగు దాటాక ఇంకో పదిహేను. టవరు ఖర్చు మాత్రం దిండిలో కన్నా తక్కువ కాదు, ఎక్కువే. సిమెంటు, ఇనుము కొండ ఎక్కించాలి, కరెంటు పోతే నడవటానికి బ్యాటరీలూ డీజిలు జనరేటరూ పెట్టాలి.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం. వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం అని చదువుకుంటాం కదా. రేడియో తరంగం వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. 700 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 70 కోట్ల కంపనాలు. భాగించి చూడండి, తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు వస్తుంది. 5జి కోసం వాడే 3500 మెగాహెర్ట్జ్ అయితే 8.6 సెంటీమీటర్లే. పొడవు తరంగం దూరం పోతుంది, గోడలనూ చెట్లనూ కొంత తట్టుకుంటుంది, కొండ అంచు దగ్గర కొంచెం వంగుతుంది కూడా. పొట్టి తరంగం ఎక్కువ సమాచారం మోయగలదు గాని దగ్గరలోనే అలిసిపోతుంది. అయితే నిలువెత్తు కొండ వెనుక పూర్తిగా దాగిన ఊరికి ఏ తరంగమూ సరిగా చేరదు. దానికి మరో టవరు కావలసిందే.

ఈ ఇంటర్నెట్ ఎలా పెరిగిందో చెప్పాలంటే యూరపు నుంచి మొదలుపెట్టాలి. 1980లలో అక్కడ దేశానికో ఫోను పద్ధతి ఉండేది. చాలాచోట్ల సరిహద్దు దాటితే ఫోను మూగబోయేది. 1987 సెప్టెంబరు 7న కోపెన్‌హేగన్‌లో 13 దేశాల వాళ్ళు కలిసి, అందరం ఒకే పద్ధతి వాడదామని సంతకాలు చేశారు. అదే జి.ఎస్.ఎం. 1991 జూలై 1న ఫిన్లాండులో ఆ పద్ధతిలో మొదటి ఫోను మాట్లాడారు. మన దేశం కూడా అదే పద్ధతి తీసుకున్నది. 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు గారు ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్ గారితో మాట్లాడారు. అదే మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్. అప్పట్లో మనకు వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. 2003లో గాని అది పోలేదు.

దిండి, మలికిపురం, రాజోలు వైపు నుంచి కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళి పని చేసేవాళ్ళు చాలామంది. వాళ్ళ ఇళ్ళలో ఈ చరిత్ర పుస్తకంలో చదివేది కాదు, చూసినది. 1990లలో ఐ.ఎస్.డి. బూత్ ముందు వరుసలో నిలబడాలి. లోపల మాట్లాడుతుంటే మీటరు మీద ఎర్ర అంకెలు గబగబా పెరిగేవి. బాగున్నావా, తిన్నావా అనేసరికే డబ్బు అయిపోయేది. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమను కొట్టినప్పుడు స్తంభాలు పడి, తీగలు తెగి, ఆ మాట కూడా లేకుండా పోయింది. ఇప్పుడు అదే ఇంట్లో అమ్మ మస్కట్ వంటగదిలో నిలబడి, ఇక్కడ పిల్ల జడ వేసుకోవటం వీడియోలో చూస్తున్నది. కోపెన్‌హేగన్‌లో ఒకే పద్ధతి అని చేసిన సంతకం ఎంత దూరం వచ్చిందో చూడండి.

మాట వేరు, డేటా వేరు. మాటకు చిన్న దారి చాలు. ఫోటోకు, వీడియోకు వెడల్పు దారి కావాలి. అందుకే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. ఒక లెక్క చేద్దాం. పాఠ్యపుస్తకం ఒకటి ఫోనులోకి దించుకోవాలి, దాని బరువు 10 మెగాబైట్లు అనుకోండి. ఒక బైటుకు 8 బిట్లు, అంటే మొత్తం 8 కోట్ల బిట్లు. పాత 2జి మీద నడిచే జి.పి.ఆర్.ఎస్. సెకనుకు ఓ 40 వేల బిట్లు తెచ్చేది. 2000 సెకన్లు, అంటే 33 నిమిషాలు పడుతుంది, మధ్యలో తెగిపోకుండా ఉంటేనే. తొలి నాటి 3జి వేగం సెకనుకు 3 లక్షల 84 వేల బిట్లు. మూడున్నర నిమిషాలు. 4జిలో సెకనుకు కోటి బిట్లు వచ్చినా 8 సెకన్లే. 5జిలో పది కోట్లు వస్తే కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది.

కాని ఆ వేగం అంతా ఒక్కరిది కాదు. మన హాస్టలు ట్యాంకు సంగతే తీసుకోండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి కుళాయి తిప్పినవాడికి నీళ్ళు ధారగా వస్తాయి. ఆరు గంటలకు అందరూ ఒకేసారి తిప్పితే సన్నగా కారుతుంది. టవరు కూడా అంతే. రాత్రి ఎనిమిది గంటలకు అందరూ ఫోన్లు తెరిస్తే నెట్ నెమ్మదిస్తుంది. ట్యాంకులోకి వచ్చే పైపు లావుగా లేకపోతే ఎన్ని కుళాయిలు పెట్టి ఏం లాభం? ఆ లావు పైపే టవరు కింద తీగ.

ఇక డబ్బు సంగతి. తరంగాలను ప్రభుత్వాలు వేలం వేస్తాయి. గాలికి వేలమేమిటని నవ్వకండి. చేపల చెరువుకీ, రేవుకీ పాట పెట్టినట్టే ఇదీ. 2000 సంవత్సరంలో 3జి కోసం బ్రిటనులో సుమారు 2,250 కోట్ల పౌండ్లకు, జర్మనీలో 5,000 కోట్ల యూరోలకు పైగా పాట పోయింది. అంత పెట్టి కొన్న కంపెనీలు అప్పుల్లో పడ్డాయి, బ్రిటనులో 3జి మొదలవటానికి 2003 మార్చి అయింది. కాని తరువాత పుంజుకున్నారు. 2009 డిసెంబరు 14న స్టాక్‌హోంలో, ఓస్లోలో 4జి జనానికి ఇచ్చారు, ప్రపంచంలో అదే మొదలు. మనకు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే బి.ఎస్.ఎన్.ఎల్. 3జి మొదలుపెట్టింది. ప్రైవేటు కంపెనీల కోసం 2010లో పాట పెడితే 34 రోజులు సాగి సుమారు 67,719 కోట్ల రూపాయలు వచ్చాయి.

అదే 2010లో జర్మనీ కూడా ఇంకో పాట పెట్టింది. 800 మెగాహెర్ట్జ్ తరంగాలు, అంటే దూరం పోయేవి. పాటలో గెలిచినవాళ్ళకు అక్కడి ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. ముందు నెట్ లేని చిన్న పల్లెల్లో ఇవ్వాలి. అక్కడ నూటికి 90 మందికి అందాకే పెద్ద ఊళ్ళకు, చివరికి నగరాలకు ఆ తరంగాలు వాడుకోవాలి. వరుస తిరగేశారన్నమాట! ఫిన్లాండు ఇంకో అడుగు వేసింది. 2010 జూలై 1 నుంచి ప్రతి ఇంటికీ సెకనుకు 10 లక్షల బిట్ల వేగం గల ఇంటర్నెట్ చట్టప్రకారం హక్కు అని పెట్టింది. మనదేశం 3జి షరతుల్లో కొలబద్ద జిల్లా కేంద్రాలు. అయిదేళ్ళలో సగం జిల్లా కేంద్రాలకు ఇస్తే చాలు. జిల్లా కేంద్రం ఎక్కడ, మన గూడెం ఎక్కడ? నా మటుకు నాకు జర్మనీ వాళ్ళ షరతే న్యాయంగా కనిపిస్తున్నది.

మన దగ్గర పెద్ద మార్పు 2016 సెప్టెంబరు 5న జియో రాకతో వచ్చింది. 2014లో ఒక గిగాబైటు డేటా సగటున 269 రూపాయలు పడేది, పదేళ్ళలో సుమారు 9 రూపాయలకు దిగింది. 2017 డిసెంబరులో మన రాష్ట్రం ఫైబర్ గ్రిడ్ ప్రారంభించింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, నెలకు 149 రూపాయలకు నెట్, ఫోను, టీవీ ఇస్తామన్నారు. 5జి 2022 అక్టోబరు 1న మొదలైంది.

ధర తగ్గటం మంచిదే. కాని సిగ్నలే లేని ఊళ్ళో ధర ఎంతైతే ఏమిటి! 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు ఈ తేడా బయటపడింది. మైదానం పిల్లలు ఫోనులో పాఠం వింటుంటే, కొండల్లో సిగ్నలు కోసం గుట్ట ఎక్కినవాళ్ళున్నారు. సప్తగిరి ఛానెల్లో పాఠాలు వేశారు గాని దానికి టీవీ, కరెంటు రెండూ ఉండాలి. రేషనుకు వేలిముద్ర వేయాలన్నా యంత్రానికి సిగ్నలు కావాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో హాజరు కూడా ఫోనులో ఫోటో తీసి పంపాలని నిబంధన పెట్టారు. పని చేసినవాడికి చెమట సాక్ష్యం చాలదు, టవరు కూడా సాక్ష్యం చెప్పాలి.

దీనికోసం ఒక నిధి ఉన్నది. 2002 నుంచి ఫోను కంపెనీల రాబడిలో నూటికి 5 రూపాయలు ఆ నిధిలో వేస్తారు. లాభం రాని ఊళ్ళకు ఫోను ఇవ్వటం దాని పని. దాని పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. ఆ డబ్బుతోనే 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 5 రాష్ట్రాల్లో 7,287 గ్రామాలకు 4జి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. 2022 జూలైలో దేశమంతటా మరో 24,680 గ్రామాలు తీసుకున్నారు. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభిస్తే అందులో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. 2025 సెప్టెంబరు 27న బి.ఎస్.ఎన్.ఎల్. మన దేశంలోనే తయారైన యంత్రాలతో 4జి ప్రారంభించింది. స్టాక్‌హోంకీ దీనికీ మధ్య పదిహేనేళ్ళు దాటిపోయాయి. అయినా వస్తున్నది.

వచ్చాక కూడా అది ఒక మీట మీద ఆధారపడి ఉంటుంది. 2022 మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగాక ప్రభుత్వం కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. దాదాపు రెండు వారాలు. మాట వెళ్ళేది, డేటా వెళ్ళేది కాదు. ఇంటి దగ్గర నుంచి కంప్యూటర్ ఉద్యోగం చేసేవాళ్ళు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కోనసీమ దాటి పొరుగు ఊళ్ళకు పోయి పని చేసుకున్నారు. సిగ్నలు కోసం నడవటం అంటే ఏమిటో మైదానం వాళ్ళకు కూడా ఆ రోజుల్లో తెలిసింది.

ఇక మీరు చేయగలిగిన పని ఒకటి. టవరు కనిపించినప్పుడు తల ఎత్తి చూడండి. పొడుగ్గా నిలువుగా తలుపు చెక్కల్లా ఉండేవి మన ఫోన్లతో మాట్లాడేవి, తరచు మూడు దిక్కులకు మూడు ఉంటాయి. గుండ్రంగా డప్పులా ఉన్నది ఉంటే అది మరో టవరుతో మాట్లాడేది. తీగ రాని చోట ఆ డప్పే తీగ పని చేస్తుంది, కాని రెండు డప్పులూ ఒకదానికొకటి ఎదురెదురుగా కనిపించాలి, మధ్యలో కొండ ఉండకూడదు. అలాగే ఫోను పైన చిన్న అక్షరం వస్తుంది. ఇంగ్లీషు ‘ఇ’ అని ఉంటే పాత 2జి రకం, ‘హెచ్’ అని ఉంటే 3జి, లేకపోతే 4జి, 5జి అనే రాసి ఉంటుంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు, బస్సు దిగిన చోటు నుంచి మీ ఊరి దాకా ఏ మలుపు దగ్గర ఆ అక్షరం మారిందో, ఎక్కడ పూర్తిగా పోయిందో పెద్దవాళ్ళ ఫోను చూసి కాగితం మీద రాసుకు రండి. సైన్సు మాస్టారి దగ్గర మండలం పటం ఉన్నది. దాని మీద ఊరూరా గుర్తులు పెట్టి ఈ గోడ మీదే అంటిద్దాం.