ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పి చూడు

చిరంజీవి బుజ్జికి, తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నాయనమ్మ రెండుసార్లు చదివించుకుంది. మాస్సీ ట్రాక్టర్ రెండు రోజులకో లీటరు ఆయిల్ తాగుతోందనీ, నీలం పొగ వస్తోందనీ, ఇంజన్ దించాలంటున్నారనీ రాశావు. దించేముందు నా మాట విను.

ఆయిల్ గేజి సంగతి, రేడియేటర్ నీళ్ల సంగతి రాశావు. ఎయిర్ క్లీనర్ గిన్నె ఊసే లేదే! దాన్లో ఆయిల్ ఎప్పుడు మార్చావు? వేసవి దుక్కిలో లేచే దుమ్మంతా ఆ గిన్నెలోనే ఆగాలి నాన్నా. అక్కడి ఆయిల్ బురదయిందంటే దుమ్ము సిలిండర్‌లోకి పోయి రింగుల్నీ లైనర్‌నీ ఆకురాయిలా అరగదీస్తుంది. అప్పుడు ఇంజన్ ఆయిల్ తాగక ఏం చేస్తుంది? రింగులు పోయుంటే మార్చక తప్పదు. కానీ గిన్నెను ఇలాగే వదిలేస్తే కొత్తవీ అదే దారి పడతాయి.

క్లిప్పులు తీసి గిన్నె దించు. అడుగున మట్టి ముద్ద కడితే అంతా పారబోసి, డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఇంజన్‌కి పోసే ఆయిలే గీత దాకా పొయ్యి. గీత దాటనీయకు, ఎక్కువైతే ఇంజన్ దాన్ని లోపలికి లాక్కుంటుంది. దుక్కి రోజుల్లో రోజూ చూడాల్సిందే.

గేజి మాత్రం పొద్దున్నే, స్టార్ట్ చెయ్యకముందు, చదును నేల మీద చూడు. గట్టు వాలున నిలబెట్టి చూస్తే లెక్క తప్పుతుంది. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడితే నీళ్లు దిగాయని అర్థం, ఇక బండి కదపకు.

వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. దమ్ము చేస్తూ తొందరపడి నేను తిప్పిన కథ నీకు తెలుసుగా. మోచేతి దాకా బొబ్బలు. పెళ్లయి ఆరు నెలలే, నెలరోజులు నాయనమ్మే అన్నం కలిపి పెట్టింది. చిన్నప్పుడు ఆ మచ్చ తడుముతూ నా ఒళ్లో నిద్రపోయేవాడివి.

ఎండలో తలకి తువ్వాలు చుట్టుకో. మజ్జిగ మరవకు.

ఇంకొకటి, ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టం ఉంది చూడు, దాని క్లిప్పులు వదులయ్యాయేమో, ఎక్కడైనా చీలిందేమో తడుము. తర్వాత ఊడదీసి లోపల వేలితో రుద్ది చూడు. వేలికి మట్టి అంటిందో లేదో వెంటనే నాకు ఉత్తరం రాయి.

మీ తాతయ్య