పగలు ఎండ, తెల్లారితే గడ్డకట్టే చలి

ప్రశ్న: డిసెంబరులో మా దగ్గర విశాఖ కంటే ఇంత చలి ఎందుకు? కాఫీ గింజలు ఆరబెట్టడానికి వాన భయం ఉంటుందా?
– ఒక రైతు, డుంబ్రిగుడ

జవాబు: మీ అరకు ప్రాంతం సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకు దాదాపు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. పైగా మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. బరువైన చల్లగాలి కొండవాలు మీదుగా జారి లోయలో నిలుస్తుంది. అందుకే కొన్ని తెల్లవారుజాముల్లో పది డిగ్రీల లోపే నమోదవుతుంది. విశాఖను సముద్రం వెచ్చగా ఉంచుతుంది.

డిసెంబరులో వాన తక్కువే. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మాత్రం నమ్మలేం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మంచు విడిచాకే గింజలు పరచండి, పొద్దు వాలకముందే కుప్పచేసి టార్పాలిన్ కప్పండి. తుపాను హెచ్చరిక వస్తే ఇంట్లోకి చేర్చండి.