కాల్చిన కోడిమాంసం, పచ్చి సల్సా: కొన్ని దిద్దుబాట్లు

టొమాటో, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీరలను సన్నగా తరిగి, నిమ్మరసం, ఉప్పు కలిపి మెక్సికో దేశీయులు చేసుకునే పచ్చి సల్సా మన కచుంబరుకు దగ్గరి చుట్టమే. దీనిని నిప్పులపై కాల్చిన కోడిమాంసంతో తొలిసారి వడ్డించిన నాడు మాంసం పైన మాడి, లోపల పచ్చిగా మిగిలింది, సల్సా నీరుకారింది. ఆ రాత్రి మా అమ్మాయికి వాంతులయ్యాయి. దోషం వంటకానిది కాదు, నా తొందరపాటుది. పిమ్మట నేను చేసుకున్న మార్పులివి.

గుణములు: చరకసంహిత కోడిమాంసాన్ని స్నిగ్ధం, ఉష్ణం, బలకరం, వాతహరం అని వర్ణించింది.

కావలసినవి: ఎముక లేని మాంసం అరకిలో, నిమ్మరసం 2 చెంచాలు, అల్లం వెల్లుల్లి ముద్ద 1 చెంచా, మిరియాలపొడి అరచెంచా, పసుపు, ఉప్పు, కొద్దిగా నూనె.

విధానం: ముక్కలన్నీ ఒకే మందాన ఉండునట్లు కోసి, పై దినుసులు పట్టించి, 1 గంట ఫ్రిజ్‌లో ఉంచాలి. మంట ఆరిన కణకణ నిప్పులపై తిప్పుతూ కాల్చాలి. కొవ్వు కారి మంట లేస్తే ముక్కలను పక్కకు జరపాలి. మాడిన భాగంలో హానికర పదార్థాలు ఏర్పడతాయి. ముక్క నడుమ వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే ఉడికినట్లు. రంగు చూసి నమ్మరాదు. వంటింటి థర్మామీటరు మేలు.

సల్సా: గింజలు తీసిన టొమాటో ముక్కలపై ఉప్పు చల్లి, 15 నిమిషాలు చిల్లుల గిన్నెలో ఉంచి నీరు వార్చాలి. తరిగిన ఉల్లిని చన్నీట కడిగితే ఘాటు తగ్గుతుంది. నిమ్మరసం వడ్డించే ముందే పిండాలి.

జాగ్రత్తలు: పచ్చిమాంసం తాకిన కత్తి, పీట సల్సాకు వాడరాదు. మా ఇంట జరిగిన అసలు పొరపాటు ఇదే కావచ్చు. ఆమ్లపిత్తం గలవారు మిర్చి, నిమ్మ తగ్గించుకోవాలి.