విదేశాల్లో టీచరు ఉద్యోగం: బయలుదేరే ముందు

నాలుగేళ్ల క్రితం నా పాత విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, దుబాయ్‌లో టీచరు పోస్టు. విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ మారుస్తారట" అన్నాడు. తెలియక నేనూ సరే అన్నాను. రెండు నెలలకు అప్పుతో తిరిగొచ్చాడు. ఆ తప్పు తర్వాతే ఈ విషయాలు నేర్చుకున్నాను.

వీసా: యూఏఈలో విజిట్ వీసా మీద ఉద్యోగం చేయడం నేరం. స్కూలే వర్క్ పర్మిట్ తీయాలి. నియామక ఖర్చులు ఉద్యోగి నుంచి వసూలు చేయరాదని అక్కడి 2021 కార్మిక చట్టం చెబుతోంది. ఇంగ్లండుకైనా స్కూలు స్పాన్సర్ చేయాల్సిందే. అమెరికా జె-1 వీసా తాత్కాలికం, మామూలుగా మూడేళ్లు.

సర్టిఫికెట్లు: డిగ్రీ, బీఎడ్ పట్టాలకు రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ వరుసగా ధ్రువీకరణ ఇవ్వాలి. సౌదీ 2022లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కనుక అక్కడికి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర ఉంటే ఎంబసీ మెట్టు తప్పుతుంది. మన పిల్లలకు ఎక్కువగా తగిలే చిక్కు పేరు. టెన్త్ మెమోలో 'షేక్' ముందుంటుంది, పాస్‌పోర్టులో చివర ఉంటుంది, డిగ్రీలో అసలు ఉండదు. దీన్ని ముందే సరిచేయించాలి.

ఏజెంటు: 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటేనా అన్నది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు తప్పనిసరి. పది పాసైనవారికి వలస అనుమతి అవసరం లేదు. సౌకర్యమే గానీ, వాళ్ల కాంట్రాక్టును ప్రభుత్వం తరఫున చూసేవారూ ఉండరన్నమాట. కాబట్టి జీతం, వసతి, సెలవులు, తిరుగు టికెట్టు మనమే చదువుకోవాలి.

కిందటేడు ఒకమ్మాయి అదే విజిట్ వీసా మాటతో వచ్చింది. తండ్రి ఇల్లు తాకట్టు పెట్టబోతున్నారు. ఆఫర్ లెటర్ అడిగాను, లేదంది. ఆపాను. ఎనిమిది నెలలు ఓపిక పట్టి, నేరుగా స్కూలుకే దరఖాస్తు చేసి వెళ్లింది. ఇప్పుడు అక్కడ లెక్కలు చెబుతోంది. ఇల్లు నిలిచింది.

దాతలకు నా విన్నపం ఒక్కటే. బీఎడ్ ఫీజు కట్టి ఆగిపోకండి. ధ్రువీకరణ ఖర్చుకు కొంత, కాంట్రాక్టు చదివిపెట్టే అనుభవజ్ఞుడి గంట సమయం ఇవ్వగలిగితే, మీరిచ్చిన చదువు అప్పుగా మారకుండా ఉంటుంది.