తల కొలతలో చెవి గుర్తులు: చేయవలసినవి - చేయకూడనివి

రాయ్‌పూర్‌లోని పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ కాలిపర్ పట్టుకుని పల్లెలకు వెళ్లే విద్యార్థులకు, పసిపిల్లల తల కొలిచే కార్యకర్తలకు ఈ సూచనలు. చెవి దగ్గర గుర్తు తప్పితే కొలత చెడుతుంది. చెయ్యి తప్పితే కర్ణభేరికే ముప్పు.

చేయవలసినవి

• ముందు అనుమతి అడగండి. ఏం కొలుస్తారో, ఎందుకో వారి ఇంటి భాషలో చెప్పండి. ఛత్తీస్‌గఢీ అయినా, గోండీ అయినా, తెలుగైనా సరే.

• చెవిలో నొప్పి, చీము ఉన్నాయేమో అడగండి. ఉంటే కొలత మానుకుని, రాయ్‌పూర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి మేకాహారాకో ఎయిమ్స్‌కో పంపండి.

• కమ్మలు, మాటీలు, ఖినవాలు వారి చేతే తీయించండి. కొన చిక్కుకుంటే తమ్మె చిరుగుతుంది.

• ఒకరిని కొలిచాక కాలిపర్ కొనలు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, ఆ తర్వాతే మరొకరిని కొలవండి.

• మే నెలలో కాలిపర్‌ను నీడలో ఉంచండి. ఎండకు కాగిన ఉక్కు చర్మాన్ని కాలుస్తుంది. ముందు మీ ముంజేతికి తాకించి చూడండి.

• ట్రాగియాన్ అనే చెవి గుర్తును కంటితో కాదు, వేలితో వెతకండి. చెవి రంధ్రానికి ముందు చిన్న గుబ్బలా ఉండే మృదులాస్థి ట్రాగస్. దాని పై అంచుకు ఆనుకుని ఉండే నొక్కు దగ్గర గుర్తు దొరుకుతుంది. చర్మంపై రాసే పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

• తలను ఫ్రాంక్‌ఫర్ట్ మట్టానికి తెచ్చాకే కొలవండి. రెండు ట్రాగియాన్‌లు, ఎడమ కంటిగుంట కింది అంచు ఒకే మట్టంలో ఉండాలి. 1882లో శాస్త్రవేత్తలు ఒప్పుకున్న ఈ మట్టం పాటించకపోతే మీ కొలతను మరొకరి కొలతతో పోల్చలేరు.

• తల ఎత్తును ట్రాగియాన్ నుంచి నడినెత్తికి నిట్టనిలువుగా తీయండి.

• పసిబిడ్డను తల్లి ఒడిలోనే ఉంచి కొలవండి. సాగని టేపును కనుబొమలకు, చెవులకు పైగా, వెనుక తల ఉబ్బు మీదుగా తిప్పండి.

• రెండుసార్లు కొలవండి. తేడా వస్తే మూడోసారి కొలవండి.

చేయకూడనివి

• చెవి రంధ్రంలోకి ఏదీ పెట్టకండి. కాలిపర్ కొన వద్దు, పెన్సిల్ వద్దు, గులిమి తీసే పుల్ల అసలే వద్దు.

• స్లైడింగ్ కాలిపర్ సూది కొనల వైపును మనుషుల మీద వాడకండి. అది పుర్రెల కోసం చేసినది.

• పోరియాన్‌ను ట్రాగియాన్‌గా రాయకండి. పోరియాన్ పుర్రె మీది గుర్తు, చెవి రంధ్రపు పై అంచు.

• ఎక్స్‌రే యంత్రంలో తలను కదలకుండా పట్టే చెవి కడ్డీలను శిక్షణ లేకుండా బిగించకండి.

• కంటిగుంట అంచు వెతుకుతూ కాలిపర్ కొనను కంటి వైపు తిప్పకండి.

• పసిబిడ్డ మాడు మీద ఏదీ ఆనించి నొక్కకండి. అక్కడ ఎముకలు ఇంకా కలవలేదు.

• టేపును చెవుల మీదుగా పోనివ్వకండి. ఏడ్చే బిడ్డ తలను అదిమి పట్టకండి. మరో రోజు కొలవవచ్చు.

• చెవులు కిందికి ఉన్నాయని, తల పెద్దదని తల్లిని భయపెట్టకండి. పిల్లల వైద్యుడికి చీటీ రాసి పంపండి.

• కమార్ ఆదివాసుల గూడేలకు చెప్పాపెట్టకుండా వెళ్లి తలలు కొలవకండి. పేర్లను, కొలతలను, ఫొటోలను బయట పెట్టకండి.

• తల, ముక్కు కొలతలతో కులం ఎక్కువ తక్కువలు చెప్పకండి. 1891లో బ్రిటిష్ అధికారి రిస్లీ ముక్కు కొలతలతో కులాలకు వరుస కట్టాడు. ఆ అన్యాయాన్ని మీ కాలిపర్‌తో కొనసాగించకండి.

• చెవి నుంచి రక్తం వస్తే నూనె, నీళ్లు, చుక్కల మందు వేయకండి. లోపల దూది కుక్కకండి. బయట శుభ్రమైన గుడ్డ అడ్డుపెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.