విరమణ వేళ

తూర్పు కనుమలు మైదానంలోకి దిగివచ్చే చోట వీరఘట్టం అనే ఊరు ఉంది. నేడు అది పార్వతీపురం మన్యం జిల్లాలో భాగం. కలియుగ భీముడని పేరుగాంచిన కోడి రామమూర్తి నాయుడు పుట్టిన ఊరు అదే. గుండెలపై ఏనుగును నిలుపుకొన్నాడనీ, ఊపిరి బిగించి ఉక్కు గొలుసులను తెంచాడనీ, కదలబోయే కార్లను చేతులతో పట్టి నిలిపాడనీ ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఆయనను గురించి చెప్పుకుంటారు. విశాఖపట్నం సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. అంతటి బలశాలి చివరి దశలో వ్యాధి సోకిన కాలినే పోగొట్టుకున్నాడు. 1942లో కన్నుమూశాడు. ఏనుగు కథను ఉత్సాహంగా చెప్పేవారు కూడా ఈ చివరి ఘట్టం దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

దేహబలం ఎరువు సొమ్ము వంటిది. అరువిచ్చిన కాలం దానిని ఎప్పుడో ఒకప్పుడు తిరిగి అడుగుతుంది. ఆ అడిగే వేళ అందరికంటె ముందుగా వచ్చేది క్రీడాకారునికే. ముప్పయి అయిదేళ్ల ఉపాధ్యాయుణ్ణి, న్యాయవాదిని లోకం యువకుడనే పిలుస్తుంది. ఆ వయస్సు క్రీడాకారుణ్ణి మాత్రం మైదానం ‘సీనియర్’ అంటుంది. ఆ పిలుపులో గౌరవం ఎంత ఉన్నదో హెచ్చరికా అంతే ఉన్నది.

క్రీడాకారుని వార్ధక్యం తల నెరియడంలో కనిపించదు. మెరుపువేగంతో ముడుచుకొనే కండర తంతువులు ముందుగా బలహీనపడతాయి. వారంలో మానే దెబ్బ నెల పడుతుంది. అయితే సరిగ్గా ఈ వయస్సులోనే అనుభవం పండుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. కొత్తవాడు బంతిని చూసి కదులుతాడు. అనుభవజ్ఞుడు బౌలర్ మణికట్టును, భుజాన్ని చూసి బంతి ఎక్కడ పడబోతున్నదో ముందే ఊహిస్తాడు. కాళ్లు పోగొట్టుకొన్న క్షణాన్ని కళ్లు సంపాదించి పెడతాయి. అందువల్ల కొన్నేళ్లపాటు నష్టం పైకి కనిపించదు. ప్రేక్షకునికే కాదు, ఆటగానికి కూడా అది తెలియకపోవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఉత్తరాంధ్రకే చెందిన కరణం మల్లీశ్వరి జీవితాన్ని చూస్తే ఈ చిక్కు స్పష్టమవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని వూసవానిపేట ఆమె స్వగ్రామం. 1994లోనూ, 1995లోనూ ఆమె 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచింది. అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్లు. ఆమె శక్తి పరాకాష్ఠలో ఉన్న ఆ రోజుల్లో ఒలింపిక్ క్రీడల్లో మహిళలకు బరువులెత్తే పోటీయే లేదు. 1996 అట్లాంటా క్రీడలు ఆమె లేకుండానే జరిగిపోయాయి. మహిళలకు ఆ తలుపు తెరుచుకున్నది 2000లో, సిడ్నీలో. అప్పటికి ఆమె పై బరువు విభాగాలకు మారింది. శ్రేష్ఠదశ ముగిసిందనీ, ఆమెను పంపడం దండుగనీ విమర్శలు వచ్చాయి. ఆమె వాటికి తలవంచి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. రెండు ప్రపంచ విజయాలు చాలునని ఇంటికి వెళ్లి ఉండవచ్చు. కాని వెళ్లలేదు. 2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో 110 కిలోలు, 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్య పతకం సాధించింది. స్వర్ణం కోసం చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు సాహసించింది గాని అది ఫలించలేదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. సిడ్నీలో భారతదేశానికి దక్కిన ఏకైక పతకమూ అదే.

తల్లి అయిన తరువాత ఆమె మళ్లీ సాధన మొదలుపెట్టింది. 2004 ఏథెన్స్ క్రీడలకు వెళ్లింది. ఈసారి వెన్ను సహకరించలేదు. పోటీని పూర్తిచేయకుండానే వేదిక దిగవలసి వచ్చింది. ఆ తరువాత ఆమె విరమించుకుంది. సిడ్నీకి నడిపించిన పట్టుదలా, ఏథెన్స్‌కు నడిపించిన పట్టుదలా రెండు కావు. ఒకటే. మొదటిసారి దానిని చరిత్ర ధైర్యమన్నది. రెండవసారి కొందరు మొండితనమన్నారు. ‘అయిపోయింది’ అన్న లోకం మాట ఒకసారి అబద్ధమైన తరువాత, అదే మాట మళ్లీ వినబడితే ఆటగాడు ఎందుకు నమ్మాలి?

ఈ ప్రశ్న ఒక దేశానిది కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు ఎత్తుగడలన్నిటినీ నడిపించి, బంతిని విసిరే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆ స్థానంలో ఆడిన టామ్ బ్రేడీ తన 43వ ఏట ఏడవ సూపర్ బౌల్ విజయం సాధించాడు. 2022 ఫిబ్రవరి 1న విరమణ ప్రకటించాడు. నలభై రోజులైనా గడిచీ గడవకముందే తిరిగి వస్తున్నానన్నాడు. ఆ ఏడాది లీగ్ దశలో అతని జట్టుకు గెలుపులకంటె ఓటములే ఎక్కువయ్యాయి. 2023 ఫిబ్రవరి 1న, అంటే సరిగ్గా ఏడాదికి, రెండవసారి వీడ్కోలు చెప్పాడు. నవ్వుకోవడానికి ఇది తేలిక విషయమే. కాని బాల్యం నుంచి ఒక్క పనినే చేసినవాడికి ఒకనాటి ఉదయం లేచేసరికి ఆ పని లేకపోతే ఎలా ఉంటుందో నవ్వేవారు ఆలోచించరు. ఉద్యోగి అరవయ్యవ ఏట ఎదుర్కొనే ఆ శూన్యాన్ని క్రీడాకారుడు సగం జీవితం మిగిలి ఉండగానే ఎదుర్కొంటాడు.

అరకు, పాడేరు కొండల్లో నీడచెట్ల కింద కాఫీ పండించే గిరిజన రైతులు ఉన్నారు. కాఫీ మొక్క ముసలిదై కాపు తగ్గితే దానిని వేళ్లతో పెకలించి పారవేయనక్కరలేదు. నేలకు అడుగెత్తున మోడు ఉంచి కోస్తే, ఆ మోడు నుంచి కొత్త చిగుళ్లు పుడతాయి. వాటిలో బలమైనవాటిని ఉంచి పెంచుతారు. అయితే మళ్లీ కాపు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కాపు లేని ఆ ఏళ్లను ఓర్చుకోవడమే కష్టం. మనుషుల్లో ఈ కష్టాన్ని ఓర్చినవాడు పుల్లెల గోపీచంద్. 1994లోనే మోకాలికి తీవ్రమైన గాయమై, శస్త్రచికిత్సల పాలైన ఆ క్రీడాకారుడు 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ఆ తరువాత మోకాలు అతణ్ణి ఎక్కువకాలం ఆడనివ్వలేదు. సొంత ఇంటిని తాకట్టు పెట్టి నిలబెట్టిన అకాడమీ 2008లో హైదరాబాదులోని గచ్చిబౌలిలో ప్రారంభమైంది. 2012లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో పి.వి. సింధు రజతం ఆ శిక్షణలో వచ్చినవే. ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్‌కు స్వయంగా ఒలింపిక్ పతకం లేదు.

గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఆ వారంలోనే కోల్‌కతాలో మరొక తెలుగువాడు చరిత్ర రాస్తున్నాడు. హైదరాబాదీ బ్యాట్స్‌మన్ వి.వి.ఎస్. లక్ష్మణ్. ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. ఈడెన్ గార్డెన్స్‌లో భారత జట్టు 171 పరుగులకే కుప్పకూలి ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. రాహుల్ ద్రావిడ్‌తో కలిసి 376 పరుగులు జోడించాడు. నాలుగవ రోజంతా ఆస్ట్రేలియాకు ఒక్క వికెట్ కూడా దక్కలేదు. ఓడిపోవలసిన ఆటను భారతదేశం 171 పరుగుల తేడాతో గెలిచింది.

ఇంతటి ఆట ఆడినవాడికి జట్టులో స్థానం శాశ్వతమని అనుకుంటాము. లక్ష్మణ్‌కు అది ఏనాడూ శాశ్వతం కాలేదు. 2003 ప్రపంచకప్ జట్టులో అతనికి చోటు లభించలేదు. ఆ తరువాత కూడా ఏ ప్రపంచకప్‌లోనూ ఆడలేదు. టెస్టుల్లో నాలుగు ఇన్నింగ్స్ విఫలమైతే చాలు, ముందుగా వినిపించే పేరు అతనిదే. అంటే, ‘ఇక చాలు’ అన్న మాట లక్ష్మణ్ చెవులకు కొత్త కాదు. విన్న ప్రతిసారీ బ్యాటుతో సమాధానం చెప్పాడు. 2010 అక్టోబరులో మొహాలీలో 216 పరుగుల లక్ష్యంతో ఆడుతూ భారత్ 124 పరుగులకు 8 వికెట్లు పోగొట్టుకున్నది. నడుమునొప్పితో సరిగా నిలబడలేని లక్ష్మణ్ తన తరఫున పరుగెత్తడానికి సురేశ్ రైనాను పెట్టుకొని, ఇశాంత్ శర్మ తోడుగా పోరాడి 73 పరుగులతో అజేయంగా నిలిచాడు. భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. అతనికి మరొక నెలలో 36 ఏళ్లు నిండుతాయి. కాళ్లు పనిచేయకపోయినా కళ్లు, చేతులు చాలునని నిరూపించిన ఇన్నింగ్స్ అది. తరువాతి రోజుల్లో అతణ్ణి మోసగించగలిగినదీ అటువంటి ఇన్నింగ్సే.

2011 వేసవిలో ఇంగ్లండ్‌లో భారత్ నాలుగు టెస్టులూ ఓడింది. లక్ష్మణ్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో 182 పరుగులు మాత్రమే చేశాడు. అదే నవంబరులో, తనకు అచ్చివచ్చిన ఈడెన్ గార్డెన్స్‌లోనే, వెస్టిండీస్‌పై 176 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఏది నిజం? ఇంగ్లండ్‌లోని 182 నిజమా, కోల్‌కతాలోని 176 నిజమా? దీపం ఆరేముందు వెలిగే వెలుగుకూ, మామూలు వెలుగుకూ చూసేవారికి తేడా తెలియదు. డిసెంబరులో జట్టు ఆస్ట్రేలియా వెళ్లింది. మళ్లీ నాలుగు టెస్టులూ ఓటమే. లక్ష్మణ్ చేసినవి 155 పరుగులు. ఏ జట్టుపై ఆడితే తనకు పేరు వచ్చిందో, ఆ జట్టు ముందే అతని అడుగులు ఆలస్యమయ్యాయి. 2012 మార్చిలో ద్రావిడ్ తప్పుకున్నాడు. లక్ష్మణ్ కొనసాగడానికి నిశ్చయించుకొని, తరువాతి సీజన్ కోసం సాధన చేశాడు.

న్యూజిలాండ్‌తో జరిగే సిరీస్‌కు సెలక్టర్లు అతణ్ణి ఎంపిక చేశారు. మొదటి టెస్టు ఆగస్టు 23న హైదరాబాదులోనే. సొంత ఊరు, సొంత మైదానం. ఒక శతకం సాధించి, బ్యాటు ఎత్తి, కన్నీళ్ల మధ్య వీడ్కోలు తీసుకోవడానికి ఇంతకంటె అనువైన సన్నివేశాన్ని సినిమా రచయిత కూడా కల్పించలేడు. ఆగస్టు 18న, అంటే ఆ టెస్టుకు అయిదు రోజుల ముందు, లక్ష్మణ్ హైదరాబాదులో విలేకరుల ముందుకు వచ్చి తక్షణమే విరమిస్తున్నట్లు ప్రకటించాడు. అంతరాత్మ మాట విన్నానన్నాడు. స్వదేశంలో జరిగే ఈ పోటీలే యువకులకు అవకాశం ఇవ్వడానికి తగిన తరుణమని చెప్పాడు. చివరిగా ఒక్క టెస్టు ఆడి వెళ్లమని కోరినవారు చాలామంది. అతడు మనస్సు మార్చుకోలేదు.

ఈ నిర్ణయంపై అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. పదహారేళ్లు తమ బిడ్డగా చూసుకున్న హైదరాబాదు ప్రేక్షకులకు ఒక వీడ్కోలు బాకీ ఉన్నదని కొందరన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని వీడ్కోలు కోసం ఆడే ఆటకూ, గెలుపు కోసం ఆడే ఆటకూ తేడా ఉన్నది. తన వీడ్కోలుకు జట్టులో ఒక స్థానం ఖర్చవుతుందని లక్ష్మణ్ గుర్తించాడు. ఆ స్థానం కోసం అతడూ ఒకప్పుడు ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. అంతకుమించిన విశేషం మరొకటి ఉన్నది. ఈసారి అతణ్ణి వెళ్లమన్నది సెలక్టర్లు కారు. వారు చోటు ఇచ్చారు. లోకం ‘చాలు’ అన్నప్పుడల్లా కాదన్నవాడు, ఎంపికై ఉండి తానే చాలన్నాడు. మోసగించే అవకాశం ఉన్న లోపలి స్వరాన్ని అతడు నమ్మినది అది తనకు సుఖం కాని మాట చెప్పినప్పుడు. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 శతకాల దగ్గర ఆ లెక్క ఆగిపోయింది.

ఆగస్టు 23న ఉప్పల్‌లో ఆట యథాప్రకారం మొదలైంది. ద్రావిడ్ ఖాళీ చేసిన మూడవ స్థానంలో వచ్చిన 24 ఏళ్ల చటేశ్వర్ పుజారా 159 పరుగులు చేశాడు. భారత్ ఇన్నింగ్స్ 115 పరుగుల తేడాతో గెలిచింది.

కఠిన పదాలు – అర్థాలు

వార్ధక్యం : ముసలితనం
పరాకాష్ఠ : అత్యున్నత స్థితి
ఎరువు సొమ్ము : అరువు తెచ్చుకున్న వస్తువు లేదా నగ
తంతువు : దారం వంటి పోగు
మోడు : కొమ్మలు, ఆకులు లేని చెట్టు మొదలు
అజేయంగా : ఓటమి లేకుండా, ఇక్కడ, ఔట్ కాకుండా

ప్రశ్నలు

1. ‘కాళ్లు పోగొట్టుకొన్న క్షణాన్ని కళ్లు సంపాదించి పెడతాయి’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
2. సిడ్నీ, ఏథెన్స్ క్రీడల్లో కరణం మల్లీశ్వరి అనుభవాలను పోల్చి రాయండి.
3. సొంత ఊరిలో చివరి టెస్టు ఆడకుండా లక్ష్మణ్ విరమించడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో తెలపండి.